న్యూట్రిషన్ మైనర్ చదివితే డైటీషియన్ అయిపోతారంటే నమ్మి ఫీజు కట్టకండి

హైవే పొడవునా ఫ్లెక్సీలు కట్టి అడ్మిషన్లు చేసుకుంటున్న ఆ డిగ్రీ కాలేజీ ఏదో ఈ చుట్టుపక్కల వాళ్లకు నేను చెప్పనక్కరలేదు. బీఎస్సీలో మైక్రోబయాలజీ మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు; న్యూట్రిషన్ మైనర్, అంటే దానికి తోడుగా చదివేది. "మూడేళ్లలో మీ అమ్మాయి డైటీషియన్‌గా బయటికి వస్తుంది" అని మా అమ్మానాన్నలకు చెప్పి, మామూలు ఫీజు మీద ఏటా 40 వేలు అదనంగా కట్టించుకున్నారు. మా చెల్లెలు ఇప్పుడు చివరి సంవత్సరం. ఆ మాట పచ్చి అబద్ధమని ఈ వారమే తేలింది.

శిక్షణ కోసం ఒక పెద్ద ఆసుపత్రి డైట్ విభాగానికి వెళ్తే, అక్కడి సీనియర్ డైటీషియన్ దాని మార్కుల జాబితా చూసి ఉన్నమాట చెప్పారు. ఇండియన్ డైటెటిక్ అసోసియేషన్ పెట్టే ఆర్డీ (రిజిస్టర్డ్ డైటీషియన్) పరీక్ష రాయాలంటే డైటెటిక్స్‌లో పీజీ స్థాయి చదువు, ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ ఉండాలట. "మైనర్ ఒక్కటే చూపిస్తే కూర్చోనివ్వరమ్మా" అన్నారు. పాపం, ఆవిడే నొచ్చుకున్నారు.

మర్నాడు చెల్లెల్ని తీసుకుని కాలేజీకి వెళ్లాను. చేరేటప్పుడు ఇంటికి వచ్చి మరీ మాట్లాడిన అడ్మిషన్ల ఆయనే ఉన్నాడు. కూర్చోమని కూడా అనలేదు. బ్రోచర్ ముందు పెట్టాను. అట్ట మీద తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, పక్కన పెద్ద అక్షరాలతో "డైటీషియన్". ఆయన దాన్ని వెనక్కి తిప్పి, అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న ఒక వాక్యం కింద పెన్నుతో గీత గీశాడు. "ఉన్నత చదువులకు లోబడి" అని ఉంది అక్కడ. "చదువుకున్న వాళ్లు, చూసుకోవాలి కదమ్మా" అన్నాడు. మా చెల్లెలి కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆయన మాత్రం ఫోను చూసుకుంటున్నాడు. మా ఇంటికి వచ్చి మా అమ్మ చేతి కాఫీ తాగి ఆ మాట ఇచ్చిన మనిషి!

అంతటితో ఆగలేదు. "మా వాళ్ల ద్వారా ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సీ డైటెటిక్స్ చేయించేస్తాం, ముందు సీటుకు కొంత కట్టండి" అన్నాడు. న్యూట్రిషన్, డైటెటిక్స్ కోర్సులను దూరవిద్యలో, ఆన్‌లైన్‌లో నడపకూడదని 2025 జులై-ఆగస్టు విద్యా సంవత్సరం నుంచి యూజీసీ ఆపేసింది. అడ్మిషన్లు చూసే మనిషికి ఆ సంగతి తెలియదంటే నేను నమ్మను.

ఇంటికొచ్చి లెక్క వేశాను. యూజీసీ 2022లో ఇచ్చిన చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, అందులో మైనర్‌కు 24. క్రెడిట్‌కు 15 గంటల పాఠం చొప్పున 360 గంటలు. మొత్తం ప్రాక్టికల్సే అనుకుని రెట్టింపు వేసినా 720. డైటీషియన్లను కూడా తన పరిధిలోకి తెచ్చిన 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం, హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకునే డిగ్రీకి కనీసం 3,600 గంటలు ఉండాలంటుంది. ఇంత తేడా ఉన్న చదువును ఒకటే అని చెప్పి అమ్మారు.

ఆ సబ్జెక్టు మీద నాకు కోపం లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. నర్సింగ్, ఫిజియోథెరపీ, ప్రజారోగ్యం వైపు వెళ్లే పిల్లలకు పోషకాహారం తెలిసి ఉండటం ఎంతో మేలు. మా చెల్లెలు కూడా ఇష్టంగానే చదివింది. మా నాన్న షుగరుకు ఏ పూట ఎంత అన్నం, ఎంత పప్పు అన్నది అదే కొలిచి పెడుతోంది. ఇది తోడుగా పనికొచ్చే చదువు అని నిజం చెప్పి ఉంటే, బీఎస్సీ న్యూట్రిషనే మేజర్‌గా ఉన్న కాలేజీలో చేర్పించేవాళ్లం.

అదనంగా కట్టిన డబ్బు తిరిగి ఇమ్మని ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. ఇంకా జవాబు లేదు.

ఈ ఏడాది చేరబోయే వాళ్లు మేజర్ ఏమిటో, మైనర్ ఏమిటో, దానితో ఏ పరీక్షకు అర్హత వస్తుందో కాలేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. రాసివ్వకపోతే ఫీజు కట్టకుండా లేచి వచ్చేయండి.