హార్ట్‌లీ ఎడారి కొండలు: బొమ్మ కొనేముందు బల్బు చూసుకోండి

అమెరికన్ చిత్రకారుడు మార్స్‌డెన్ హార్ట్‌లీ 'న్యూ మెక్సికో రికలెక్షన్స్' సిరీస్‌లోని 12వ నంబరు బొమ్మకి పెద్ద కాన్వాస్ ప్రింట్ తెప్పించి హాల్లో పెట్టుకుని కొన్నేళ్లయింది. కొత్తలో అడిగినవాళ్లందరికీ కళ్లు మూసుకుని కొనేయమని చెప్పాను. ఇప్పుడైతే కాస్త తెరుచుకునే కొనమంటాను.

పగటిపూట దీనికి వంక పెట్టలేం. కొండలు కుదురుగా ఉండవు, పొర్లుతుంటాయి. వాటికంటే మబ్బులే బరువుగా కనిపిస్తాయి. 1918లో అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రానికి వెళ్లినప్పుడు హార్ట్‌లీ ఆ కొండల్ని ఎదురుగా చూస్తూ పాస్టెల్స్‌తో (సుద్దముక్కల్లాంటి రంగులతో) వేశాడు. ఈ సిరీస్ మాత్రం 1922-23లో బెర్లిన్‌లో ఉండి, గుర్తున్నంతలో వేసింది. అందుకేనేమో, ఎడారే గానీ ఎండ లేదు. దిగులుంది.

గొడవంతా పొద్దుగూకాకే. లైటు వేయగానే ఎర్రమట్టి రంగులన్నీ కలిసిపోయి, ఏ కొండ ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మ చూసి, "ఒరే, అంత డబ్బు పోసి ఈ బురద కొన్నావేంట్రా?" అంది. అమ్మినవాళ్లకి ఫొటోలు పంపితే ఇంకో ప్రింట్ పంపారు. అదీ అంతే.

ఒకరోజు మావాడు చదువుకునే ల్యాంప్ తెచ్చి సోఫా పక్కన పెట్టాడు. వెలుతురు బొమ్మ మీద పడేసరికి ఎరుపు లేచి వచ్చింది! డబ్బాలు తీసి చూస్తే హాలు బల్బు సీఆర్‌ఐ 80, ల్యాంప్‌ది 95. బల్బు వెలుతురులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో వందకి వేసే మార్కే ఈ సీఆర్‌ఐ. చవక ఎల్‌ఈడీల్లో ముదురు ఎరుపు పాలు తక్కువ. ఈ బొమ్మేమో బతికేదే దాని మీద. 2700 కెల్విన్ (అంటే పసుపుపచ్చటి వెలుతురు), 95 సీఆర్‌ఐ స్పాట్‌లైట్ పెట్టించాక రెండు కొండల మధ్య సన్నటి గీత కూడా రాత్రిపూట తెలుస్తోంది. అమ్మ కూడా, "ఇప్పుడు కొండల్లా ఉన్నాయిరా, మబ్బులు మాత్రం బండరాళ్లే" అంది. హార్ట్‌లీ మీద ఇంత సూటి విమర్శ నేనెక్కడా చదవలేదు.

అసలుది అమెరికాలో ఆస్టిన్‌లోని బ్లాంటన్ మ్యూజియంలో చూశాక, "ప్రింటయినా ఏం తేడా లేదు" అనే మాట మానేశాను. నూనె రంగులో కుంచె లాగిన దారి తెలుస్తుంది, మాది చదును.

మా గోడకి ఎండ తగలదు, స్పాట్‌లైట్‌కి ఇంటి ఓనర్ ఒప్పుకున్నాడు కాబట్టి నాకు సరిపోయింది. మీది పడమటి ఎండ పడే గోడైతే ప్రింట్‌కి వాడింది పిగ్మెంట్ సిరానా, డై సిరానా అని ముందే అడగండి. డై అయితే త్వరగా వెలిసిపోతుంది. ట్యూబ్‌లైట్ తప్ప ఇంకేదీ కుదరదంటే మాత్రం నేనైతే ఈ బొమ్మ జోలికి వెళ్లను.