బాలిలో డాలర్లు మార్చుకునేవారికి హెచ్చరిక: అందరికన్నా ఎక్కువ రేటు రాసిన బల్ల దగ్గర ఆగకండి

ఇండోనేషియాలోని బాలి ద్వీపంలో, ముఖ్యంగా కూటా, లెగియన్ వీధుల్లో, బట్టల దుకాణం వెనుకనో, బొమ్మలు అమ్మే కొట్టు మూలనో ఒక బల్ల వేసుకుని విదేశీ డబ్బు మార్చేవారు అడుగడుగునా కనిపిస్తారు. అలాంటి ఒక బల్ల దగ్గర మా కుటుంబం 300 డాలర్లు మార్చి, రావలసిన దానిలో 7 లక్షల రూపియాలు, అంటే మన డబ్బుల్లో దాదాపు 3,700 రూపాయలు పోగొట్టుకుంది. మొత్తం పెద్దది కాకపోవచ్చు. కానీ జరిగిన తీరు చూస్తే, జాగ్రత్తగా లెక్కపెట్టుకునేవారు కూడా ఇందులో చిక్కుకుంటారని అర్థమైంది కనుక ఈ హెచ్చరిక రాస్తున్నాను.

డబ్బు లెక్కపెట్టింది మా బావగారు. ఆయన బ్యాంకులో క్యాషియరుగా పనిచేసి పదవీ విరమణ చేసిన మనిషి. నోట్లు లెక్కించడంలో ఆయనకు ఎవరూ నేర్పవలసింది లేదు. చుట్టుపక్కల కౌంటర్లలో డాలరుకు 16,200 రూపియాల వరకు ఇస్తూ ఉండగా, ఈ బల్ల ముందు పలకపై 16,400 అని, కమీషన్ లేదని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ రేటు ప్రకారం 300 డాలర్లకు 49 లక్షల 20 వేల రూపియాలు రావాలి. లక్ష రూపియాల నోట్లు లేవంటూ ఆ యువకుడు 50 వేల నోట్లు తీశాడు. అంటే 98 నోట్లు, పైన ఒక 20 వేల నోటు. ఇరవై నోట్లకు ఒక దొంతర చొప్పున బల్లపై పేర్చాడు. బావగారు ఒక్కొక్క దొంతరను తీసుకుని లెక్కించారు. లెక్క సరిపోయింది.

అసలు మోసం ఆ తరువాతే జరిగింది. లెక్క ముగిశాక ఆ యువకుడు దొంతరలన్నిటినీ మళ్ళీ తన వైపుకు తీసుకుని, అంచులు సరిచేస్తున్నట్టుగా కట్టను బల్లకు రెండుసార్లు తట్టి, రబ్బరు బ్యాండు వేసి చేతికిచ్చాడు. అదే సమయంలో పక్కన నిలబడ్డ మరొకతను ఏ ఊరి నుంచి వచ్చారు, ఎక్కడ బస చేశారు అని నవ్వుతూ పలకరిస్తున్నాడు. బసకు వచ్చి చూస్తే కట్టలో 98 నోట్లకు బదులు 84 ఉన్నాయి. కట్టను తట్టేటప్పుడు అడుగు నోట్లను వేళ్ళతో వెనక్కి లాగి, బల్ల లోపలి వైపు తెరిచి ఉంచిన సొరుగులోకి జార్చడం అక్కడ ఎప్పటి నుంచో ఉన్న చేతివాటమేనని మా డ్రైవరు తరువాత చెప్పాడు. తిరిగి వెళ్ళి అడిగితే, మీరే లెక్కపెట్టుకుని తీసుకున్నారు కదా అన్నారు. రసీదు ఏదీ ఇవ్వలేదు గనుక చూపించడానికి మా దగ్గర ఆధారమూ లేదు.

కాబట్టి లెక్కపెట్టుకోవడం ఒక్కటే సరిపోదు. నోట్లను చివరిగా తాకిన చేయి మీదే కావాలి. మీరు లెక్కించిన తరువాత అవతలి మనిషి ఒక్క నోటును ముట్టుకున్నా మొదటి నుంచి మళ్ళీ లెక్కించండి. లెక్క పూర్తయ్యేవరకు మీ డాలర్లు మీ చేతిలోనే ఉండనివ్వండి. నోట్లు తక్కువగా ఉన్నాయని మీరు చెబితే, పొరపాటైందంటూ కొన్ని నోట్లు కలిపి మొత్తం కట్టను తానే మరోసారి లెక్కించబోవడం కూడా ఆ నాటకంలో భాగమే. ఈసారి ఎక్కువ నోట్లు జారిపోతాయి. అటువంటప్పుడు వాదించకుండా బయటికి రావడం మేలు. లక్ష నోట్లు లేవు, 50 వేలవో 20 వేలవో మాత్రమే ఉన్నాయి అన్నప్పుడే అనుమానించాలి. నోట్ల సంఖ్య పెరిగేకొద్దీ లెక్క తప్పించడం వారికి తేలిక. వారి క్యాల్‌క్యులేటరును కూడా నమ్మకుండా మీ ఫోనులోనే గుణించుకోండి. ఇన్ని సున్నాల మధ్య రెండు అంకెలు తారుమారైతే మన కంటికి పట్టదు.

రేటు విషయం కాస్త ఆలోచించదగ్గది. డాలరుకు 200 రూపియాలు ఎక్కువ అంటే ఘనంగా వినిపిస్తుంది గానీ, 300 డాలర్లపై ఆ అదనం 60 వేల రూపియాలు, మన లెక్కలో మూడు వందల పైచిలుకు రూపాయలు మాత్రమే. చుట్టుపక్కల అందరికన్నా, బ్యాంకు కన్నా కూడా ఎక్కువ ధర పెట్టి డాలర్లు కొనేవాడికి లాభం మరెక్కడి నుంచో రావాలి కదా. అక్కడ బ్యాంకులు కాని మారక కేంద్రాలు ఆ దేశపు కేంద్ర బ్యాంకు అయిన బ్యాంక్ ఇండోనేషియా నుంచి లైసెన్సు పొందాలి. లైసెన్సు ఉన్న చోట ఆ పత్రం గోడపై కనిపిస్తుంది, గాజు కౌంటరు, కెమెరా ఉంటాయి, అడగకుండానే రసీదు ఇస్తారు. 'ఆథరైజ్డ్' అనే మాట మాత్రం బోర్డుపై ఎవరైనా రాయించుకోవచ్చు. మేము మోసపోయిన బల్ల పైన కూడా అదే మాట ఉంది.

ఇక్కడి నుంచి డాలర్లు కొనుక్కుని వెళ్ళేవారు మడతలు, మరకలు, గీతలు లేని కొత్త 100 డాలర్ల నోట్లే అడిగి తీసుకోండి. పాత నోట్లకు, చిన్న నోట్లకు బాలిలో తక్కువ రేటు కడతారు, ఒక్కోసారి తీసుకోరు కూడా. మన రూపాయలను అక్కడ మార్చుకుందామనుకోవడం ఇంకా నష్టం.

కార్డు వాడితే ఈ బెడద ఉండదని అనుకోకండి. అక్కడ మరో రకం కోత ఉంది, అది చట్టబద్ధమైనది కూడా. ఏటీఎంలోనో, హోటలు కార్డు యంత్రంపైనో మొత్తాన్ని భారతీయ రూపాయల్లో చూపించి, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. మనకు తెలిసిన డబ్బులో కనిపించేసరికి చాలామంది అవును అంటారు. అలా అంటే మారకపు రేటును మీ బ్యాంకు బదులు ఆ యంత్రం నడిపేవారు నిర్ణయిస్తారు, అందులో తమ వాటా కలుపుకుంటారు. ఆపైన మన బ్యాంకుల్లో కొన్ని దానినీ విదేశీ లావాదేవీగానే లెక్కగట్టి రుసుము వేస్తాయి. ఎప్పుడూ రూపియాల్లోనే చెల్లిస్తానని చెప్పండి. ఏటీఎంలో ఆ మార్పిడిని తిరస్కరిస్తే డబ్బు రాదేమోనన్న భయం అక్కరలేదు. లావాదేవీ ఆగదు, మీ బ్యాంకు రేటుకు నగదు వస్తుంది. హోటలు వారు అడగకుండానే రూపాయల మీట నొక్కేస్తే, రద్దు చేసి మళ్ళీ తీయమనండి. బయలుదేరే ముందు మీ కార్డుకు విదేశీ వాడకాన్ని బ్యాంకు యాప్‌లో తెరిచి ఉంచుకోవాలి.

పర్యటనలు, స్పా సేవల ధరలను డాలర్లలో చెప్పి, రూపియాల్లో ఇస్తామంటే తమ సొంత రేటు కట్టేవారు కూడా తగులుతారు. 2011 నాటి కరెన్సీ చట్టం ప్రకారం ఇండోనేషియాలో చెల్లింపులు రూపియాల్లోనే జరగాలి గనుక, ధర రూపియాల్లో చెప్పమని మొదటే అడగండి. చిల్లర తీసుకునేటప్పుడు సున్నాలతో పాటు రంగు కూడా చూడండి: లక్ష నోటు ఎరుపు, 50 వేలది నీలం, 20 వేలది ఆకుపచ్చ, 10 వేలది ఊదా. ఎర్ర నోటు ఇచ్చి ఊదా నోటు ఇచ్చానని అనిపించుకోకుండా ఉండాలంటే, ఇచ్చేటప్పుడే దాని విలువ పైకి చెప్పి ఇవ్వండి.