మూత దగ్గరే తేలిపోతుంది: నాలుగేళ్లు దాటిన స్టీలు బాటిల్ అనుభవం

కరోనా తర్వాత 2021 ఆగస్టులో బడులు తెరిచినప్పుడు కొన్న స్టీలు బాటిల్ ఇప్పటికీ నా సంచిలోనే ఉంది. ఒంటి గోడది, లీటరుది, 340 రూపాయలు. సామాన్ల అంగడాయనే కరెంటు పెన్నుతో అడుగున ఇంటిపేరు చెక్కి ఇచ్చాడు. ఏడాది తర్వాత 1,150 పెట్టి 750 మిల్లీలీటర్ల వ్యాక్యూమ్ బాటిల్, అంటే రెండు గోడల మధ్య గాలి తీసేసినది, ఒకటి కొన్నాను. ఇవి కాక గృహప్రవేశాల్లో చేతిలో పెట్టినవి మూడో నాలుగో ఇంట్లో ఉన్నాయి. వీటిలో ఏది నిలబడిందో, ఏది ముంచిందో చెప్తాను.

ముంచింది అని ఊరికే అనడం లేదు. గిఫ్టుగా వచ్చిన బాటిల్ ఒకటి పదో తరగతి జవాబు పత్రాల కట్ట మీద అర లీటరు నీళ్లు వదిలింది. స్టాఫ్ రూంలో ఫ్యాను కింద కాగితాలు పరుచుకుని, ఇంకు అలికిపోయిన చోట పిల్లవాడు ఏం రాశాడో ఊహిస్తూ మార్కులు వేశాను. ఇంటికొచ్చి చూస్తే తప్పు స్టీలుది కాదు, మూతది. మర సరిగ్గా ఒక చుట్టు కూడా లేదు. లోపలి రబ్బరు రింగు ఒక పక్క పైకి లేచి ఉంది. మా జేజి దగ్గర ఒక ఇత్తడి మరచెంబు ఉండేది. నంద్యాల నుంచి గుంటూరుకు మీటర్ గేజి రైల్లో పోయేటప్పుడు బట్టల సంచిలోనే పడేసేది. రబ్బరు లేదు, సిలికాన్ లేదు, ఇత్తడి మీద ఇత్తడి నాలుగు చుట్లు తిరిగేది. ఒక్క చుక్క కారిన గుర్తు లేదు.

అప్పటి నుంచి ఎవరైనా బాటిల్ చూపించి ఎలా ఉంది సార్ అంటే ముందు మూత తిప్పి చూస్తాను. కనీసం రెండు చుట్లు తిరగాలి, తిరిగేటప్పుడు గరగరమనకూడదు. రింగు చేత్తో ఊడి రావాలి, మళ్లీ చేత్తోనే కూర్చోవాలి. ఊడి రాని రింగు కడగడం కుదరదు, కడగని రింగు వాసన కొడుతుంది. నొక్కితే తెరుచుకునే బటన్ మూతలు చూడ్డానికి సోకుగానే ఉంటాయి. నా వ్యాక్యూమ్ బాటిల్‌కు అలాంటిదే వచ్చింది. పద్నాలుగో నెలలో లోపలి స్ప్రింగు పోయింది. కొత్త మూత కోసం కంపెనీకి మూడుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు లేదు. చివరికి అదే కొలతలో మామూలు మర మూత ఒకటి వేరే బాటిల్ నుంచి తీసి బిగించాను. అదృష్టం కొద్దీ సరిపోయింది.

ఇక చల్లదనం సంగతి. పెట్టె మీద 24 గంటలు చల్లగా అని రాసి ఉంటుంది. ల్యాబ్‌లో థర్మామీటర్ ఉన్న సైన్సు సార్‌ని, నమ్మి ఊరుకోలేను కదా. మే నెల ఆదివారం ఒకటి చూసుకున్నాను. మా నంద్యాలలో ఆ నెలలో 43 డిగ్రీలు మామూలే, ఇంట్లో ఫ్యాను కింద 38 ఉంది. ఫ్రిజ్ నీళ్లు నిండా పోసి ఉదయం ఏడుకు కొలిస్తే 9 డిగ్రీలు. కొలవడానికి తప్ప మూత తీయలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు 15, సాయంత్రం ఐదుకు 19. చాలా బాగున్నట్టే. కానీ బడికి తీసుకుపోయిన రోజు లెక్క వేరు. పది గంటలకే సగం తాగేస్తాం, మిగిలిన సగం నిండు బాటిల్ కంటే తొందరగా వేడెక్కుతుంది. వేడెక్కడానికి నీళ్లే తక్కువ కాబట్టి. మూత తీసిన ప్రతిసారీ బయటి గాలి లోపలికి పోతుంది. రెండింటికల్లా 22, 23కు వచ్చేది. కుండ నీళ్లలాగా అనుకోండి. నాకు అది చాలు.

ఒంటి గోడ బాటిల్‌లో ఫ్రిజ్ నీళ్లు పోయడం దండగ. గంటన్నరకు చల్లదనం చాలావరకు పోతుంది, ఈలోపు బయట చెమట పట్టి సంచి తడుస్తుంది. పాఠానికి మాత్రం భలే పనికొచ్చింది. రెండు బాటిళ్లూ టేబుల్ మీద పెట్టి, దీనికే చెమట ఎందుకు పట్టింది, దానికెందుకు పట్టలేదు అని ఎనిమిదో తరగతి వాళ్లను అడిగాను. రెండు గోడల మధ్య గాలి లేకపోతే వేడి అంత సులువుగా దాటి రాలేదన్న సంగతి దగ్గరికి వాళ్లే వచ్చారు. 1892లో స్కాట్లాండ్ శాస్త్రవేత్త జేమ్స్ డ్యూవార్ ఈ పద్ధతిలో ఫ్లాస్కు చేసింది చల్లటి నీళ్ల కోసం కాదు, ద్రవంగా మార్చిన వాయువులను నిలబెట్టడానికి అని చెప్తే, అయితే ఇందులో గాలిని కూడా నీళ్లలా పోసుకోవచ్చా సార్ అన్నాడొకడు.

ఒంటి గోడ దానికి ఒక ఉపాయం ఉంది. పాత కాటన్ పంచె ముక్క తడిపి చుట్టండి. మార్చిలో పొడి ఎండలో, గాలి తగిలే చోట పెడితే 36 ఉన్న నీళ్లు ముప్పావు గంటకు 28కి దిగాయి. వానాకాలం ఉక్కపోతలో ఇది పనిచేయదు. సముద్రం పక్క ఊళ్ల వాళ్లకు కూడా పెద్దగా ఉపయోగం ఉండదనుకుంటాను.

ఇప్పుడు అడవి సంగతి. శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయే అలవాటు మా ఇంట్లో ఉంది. ఆత్మకూరు పక్క వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా కైలాసద్వారం ఎక్కుతాం. తోవలో అన్నదానాల దగ్గర డ్రమ్ముల్లో నీళ్లు పెడతారు, చెంబుతో ముంచి పోసుకోవాలి. వెడల్పు మూతి విలువ అక్కడ తెలిసింది. మా హిందీ సార్ తెచ్చుకున్న సన్న మూతి బాటిల్‌లో సగం నీళ్లు పడితే సగం ఆయన కాళ్ల మీద పడ్డాయి. వెడల్పు మూతికి ఉన్న దోషం కూడా చెప్పాలి. నడుస్తూ తాగితే చొక్కా తడుస్తుంది. నేను ఆగి, ఎత్తి పోసుకుని తాగే రకం కాబట్టి నాకు ఇబ్బంది లేదు.

బరువు ఎవరూ ముందు ఆలోచించరు. కిరాణా కొట్టు తూకంలో వేసి చూశాను. నా లీటరు ఒంటి గోడ బాటిల్ ఖాళీగా 190 గ్రాములు, ముప్పావు లీటరు వ్యాక్యూమ్‌ది 370. బస్సులో ఆ తేడా తెలియదు. నల్లమలలో రెండో రోజు భుజానికి బాగా తెలుస్తుంది. అదీకాక, భీముని కొలను మెట్ల దగ్గర వ్యాక్యూమ్ బాటిల్ చెయ్యి జారి నాలుగు మెట్లు దొర్లింది. అడుగు అంచున చిన్న సొట్ట, బొటనవేలంత. అంతే కదా అనుకున్నాను. ఇంటికొచ్చి వేడినీళ్లు పోసి చెయ్యి పెడితే బయట చురుక్కుమంది. లోపలి వ్యాక్యూమ్ పోయింది. దానికి రిపేరు లేదు. ఒంటి గోడ దానికి ఇప్పటికి మూడు సొట్టలు పడ్డాయి, ఒకటి సుద్దముక్కంత లోతుంది. దాని పని అది చేస్తూనే ఉంది.

తుప్పు, మరకల గురించి చాలామంది అడుగుతారు. మంచి బాటిళ్ల మీద 304 అనో 18/8 అనో ఉంటుంది. అంటే సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. 201, 202 రకాల్లో నికెల్ తగ్గించి మాంగనీసు కలుపుతారు, చవక. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు అని అంగళ్లలో చెప్పేది నమ్మకండి. 202కు కూడా అంటుకోదు. 304నే మెడ దగ్గర సాగదీసి మలిచినప్పుడు అక్కడ కాస్త అంటుకుంటుంది కూడా. కాబట్టి అయస్కాంతంతో ఈ రెండింటికీ తేడా తేలదు. ఐఎస్ఐ గుర్తు చూసుకోవడం మేలు. ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ 2023లో కేంద్రం తెచ్చిన క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్లలో నీళ్ల బాటిళ్లు, ఫ్లాస్కులు చేరాయి.

నా బాటిల్ అడుగున సూది మొన అంత గోధుమ రంగు చుక్కలు నాలుగున్నాయి. తప్పు మాదే. ఒక వానాకాలం మా ఆవిడ బ్లీచింగ్ నీళ్లు పోసి రాత్రంతా ఉంచింది. క్లోరిన్‌కూ స్టీలుకూ పడదు. ఉప్పు వేసిన మజ్జిగ కూడా రాత్రంతా ఉంచకూడదు. ఒకసారి ఉంచితే పొద్దున మూత తిప్పగానే బుస్సుమంది, రింగు వాసన వారం దాకా వదల్లేదు. బోరు నీళ్లకు తెల్లగా పొర కడుతుంది. దానికి వేడినీళ్లలో ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి గంట ఉంచితే చాలు. బ్రష్ అందని మూలలకు గుప్పెడు బియ్యం, కాసిన్ని నీళ్లు పోసి గిలకొట్టండి. పీచుతో గట్టిగా రుద్దొద్దు.

బడిలో వాటర్ బెల్ కొట్టినప్పుడు పిల్లలంతా బాటిళ్లు తీస్తారు. మా లెక్కల మేడమ్ మాత్రం మంచి వ్యాక్యూమ్ బాటిల్ నిండుగా తెచ్చి సాయంత్రం సగానికి పైగా వెనక్కి తీసుకుపోతుంది. బస్సులో గంటన్నర, మధ్యలో ఎక్కడా బాత్రూం లేదు. ఆవిడకు ఏ బాటిల్ మంచిదో నేను చెప్పలేను.

ఇప్పుడు రోజూ బడికి, ఏటా అడవికి ఒంటి గోడదే తీసుకుపోతున్నాను. సొట్టపడిన వ్యాక్యూమ్ బాటిల్‌తో మా ఆవిడ తులసి కోటకు నీళ్లు పోస్తోంది. ఎండాకాలానికి మళ్లీ ఒకటి కొనాలి, ఈసారి మర మూతదే. మా అమ్మాయికి ఇదంతా చెప్పి అంగడికి తీసుకెళ్లాను. అంతా విని, స్ట్రా మూత ఉన్న గులాబీ రంగుది పట్టుకుంది. మూడో వారానికి స్ట్రా లోపల నల్లగా పట్టింది. అది కడిగే పని నాకే పడింది.