నాజీ జర్మనీ ప్యానెళ్ల సెట్: అద్దెకు తెచ్చుకునే ముందు చూసుకోవాల్సినవి

విశాఖపట్నంలో డాబాగార్డెన్స్ వైపు ఫ్లెక్సీలు, స్టాండీలు కొట్టే ఒక డిజిటల్ ప్రింటింగ్ షాపు స్కూళ్లకీ, కాలేజీలకీ చరిత్ర ఎగ్జిబిషన్ సెట్లు అద్దెకిస్తోంది. వాటిలో జర్మనీలో నియంతృత్వం, యూదుల ఊచకోత (హోలోకాస్ట్) మీద తయారు చేసిన తెలుగు సెట్టు గురించి ఈ సమీక్ష. మొత్తం 20 ప్యానెళ్లు. ఒక్కోటి 2×3 అడుగులు, నిలువు, 5 ఎం.ఎం. సన్‌బోర్డు మీద వినైల్ ప్రింటు. అద్దె రోజుకు 1,800 రూపాయలు, డిపాజిట్ 5,000. గాజువాక, భీమిలి వైపైతే ట్రాలీ ఆటో ఖర్చు మనదే.

5 నుంచి 10 వరకు ఉన్న ప్యానెళ్లు చాలా బాగున్నాయి. హిట్లర్ చేతికి అధికారం ఎలా వచ్చిందో తేదీలతో, ఓట్ల లెక్కలతో, చట్టాల పేర్లతో చెప్పిన తెలుగు గోడబొమ్మలు అరుదు. మొదటి ప్యానెల్‌నీ, 14 నుంచి ఉన్న భాగాన్నీ మాత్రం ఉన్నవి ఉన్నట్టు గోడకెక్కించకూడదు.

మొదటి ప్యానెల్ నిండా హిట్లర్ ముఖమే. వెనక ఎరుపు, పైన స్వస్తిక. తలుపు దగ్గర దీన్ని పెడితే సెల్ఫీ పాయింటు అయిపోతుంది. కఠినంగా ఉండే హెడ్మాస్టరుని పిల్లలు ముద్దుగా హిట్లర్ అని పిలుచుకునే ఊళ్లో ఇందులో వింతేమీ లేదు. దీన్ని లోపలే ఉంచేసి, ద్వారం దగ్గర ఓట్ల పట్టిక ఉన్న 6వ ప్యానెల్ పెట్టండి. స్వస్తిక గురించి ఎవరో ఒకరు అడిగి తీరతారు. నాజీ పార్టీ 1920లో దాన్ని తన గుర్తుగా తీసుకుందనీ, 1935 సెప్టెంబర్ 15న ఆ జెండానే దేశానికి ఏకైక జెండా చేశారనీ, మన గుమ్మాల మీది స్వస్తిక్‌కి ఆ రాజకీయంతో పని లేదనీ ఒక చిన్న చీటీ అతికిస్తే వాలంటీర్లకు గొంతు నొప్పి తప్పుతుంది.

3వ ప్యానెల్‌లో అంకె తప్పు. 1923 నవంబర్‌లో ఒక డాలరుకు 4.2 కోట్ల మార్కులని వేశారు. నిజానికి అది 4.2 లక్షల కోట్లు. ఇంగ్లిష్ లెక్కల్ని మన లెక్కల్లోకి దించేటప్పుడు సున్నాలు జారిపోవడం మామూలే, కానీ ఇక్కడ జారినవి ఐదు. అంకె కన్నా పెద్ద చిక్కు ఆ ప్యానెల్ కింద గీసిన బాణం. ధరలు పెరిగాయి కాబట్టి హిట్లర్ వచ్చాడన్నట్టు అది నేరుగా 1933 వైపు చూపిస్తుంది. 1923 చివర్లో కొత్త కరెన్సీ తెచ్చి ఆ మంటను ఆర్పేశారు. 1928 మే ఎన్నికల్లో నాజీలకు వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. వాళ్లను పైకి లేపింది 1929 తర్వాతి మాంద్యం, నిరుద్యోగం. 1932 మొదట్లో పని లేనివాళ్లు 60 లక్షల దాకా ఉన్నారు. ఈ సంగతి 5వ ప్యానెల్‌లో సరిగ్గానే ఉంది. అందుకే 3వ దాని మీది బాణాన్ని తెల్ల వినైల్ ముక్కతో కప్పేస్తే చాలు.

6వ ప్యానెల్ సెట్టుకే ప్రాణం. 1928లో 2.6 శాతం, 1930 సెప్టెంబర్‌లో 18.3, 1932 జూలైలో 37.3, 1933 మార్చిలో 43.9. అంకెలన్నీ సరైనవే. ఒక గడి మాత్రం లేదు: 1932 నవంబర్, 33.1 శాతం. సీట్లు 230 నుంచి 196కి పడిపోయిన ఎన్నిక అది. ఆ గడి లేకపోతే పట్టిక చూసినవాళ్లకు ఓట్లు ఎక్కడా ఆగకుండా పెరిగినట్టే కనిపిస్తుంది, ప్రజలు గెలిపించి కుర్చీలో కూర్చోబెట్టారన్న అభిప్రాయంతో బయటికి వెళతారు. ఓట్లు తగ్గిన మూడు నెలలలోపే, 1933 జనవరి 30న, అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ హిట్లర్‌ని ఛాన్సలర్‌గా (ప్రధానిగా) నియమించాడు. దాని వెనక మాజీ ఛాన్సలర్ ఫాన్ పాపెన్ మంతనాలున్నాయి. తొలి మంత్రివర్గంలో నాజీలు హిట్లర్, ఫ్రిక్, గోరింగ్, ఈ ముగ్గురే. తక్కిన సంప్రదాయవాదులు అతన్ని మధ్యలో పెట్టుకుని అదుపు చేయగలమనుకున్నారు. ఆ ఒక్క వరుస చేర్పించనిదే ఈ ప్యానెల్ తీసుకోవద్దు. షాపువాళ్లు అదే కొలతలో స్టిక్కర్ కొట్టిస్తారు.

7వది వైమార్ రాజ్యాంగం (హిట్లర్‌కు ముందు నుంచీ ఉన్న జర్మన్ రాజ్యాంగం) 48వ అధికరణం గురించి. అధ్యక్షుడు సంతకం పెడితే పార్లమెంటుతో పని లేకుండా అమల్లోకి వచ్చే అత్యవసర ఆజ్ఞలవి. మన ఆర్డినెన్సులు తెలిసిన విద్యార్థులకు ఇది వెంటనే అర్థమవుతుంది. 1930లో రైహ్‌స్టాగ్ (జర్మన్ పార్లమెంటు) 98 చట్టాలు చేస్తే 1932లో చేసినవి 5. ఆ ఏడాది ఆజ్ఞలు అరవైకి తగ్గలేదు. అంటే హిట్లర్ రాకముందే పార్లమెంటు పక్కకు జరిగిపోయింది. ఇంత ముఖ్యమైన విషయాన్ని ఇంత తక్కువ మాటల్లో చెప్పినందుకు రాసినవారిని మెచ్చుకోవాలి.

8వ దాంట్లో వ్యాఖ్య బాగుంది, ఫోటో కింద తేదీ తప్పింది. హిండెన్‌బర్గ్ ముందు హిట్లర్ తలవంచి కరచాలనం చేస్తున్న ఆ ఫోటో జనవరి 30ది కాదు, 1933 మార్చి 21న పోట్స్‌డామ్‌లో తీసింది. చాలాచోట్ల ఇదే పొరపాటు కనిపిస్తుంది.

9, 10 ప్యానెళ్ల దగ్గర కనీసం పది నిమిషాలు ఆగేలా ప్లాన్ చేసుకోండి. 1933 ఫిబ్రవరి 27 రాత్రి రైహ్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడే ఆజ్ఞ. వాక్‌స్వేచ్ఛ, పత్రికా స్వేచ్ఛ, సభలు పెట్టుకునే హక్కు, ఉత్తరాల గోప్యత, సోదాల నుంచి రక్షణ అన్నీ ఒక్క కాగితంతో నిలిపేశారు. ఆ ఆజ్ఞను 1945 దాకా ఎత్తేయలేదు. తర్వాత మార్చి 23న క్రోల్ ఒపేరా భవనంలో అధికార బదలాయింపు చట్టం. రాజ్యాంగాన్ని మార్చే చట్టం కాబట్టి మూడింట రెండు వంతుల మెజారిటీ కావాలి. మొత్తం సభ్యులు 647. కమ్యూనిస్టులు 81 మందిని సభలో అడుగుపెట్టనివ్వలేదు. సోషల్ డెమొక్రాట్లు 120 మందిలో కొందరు అప్పటికే అరెస్టయ్యారు, కొందరు దేశం విడిచారు, వచ్చినవారు 94 మంది. కావాలని గైర్హాజరై కోరం చెడగొట్టే వీలు లేకుండా, కారణం చెప్పకుండా రానివాళ్లను కూడా వచ్చినట్టే లెక్కించేలా ముందే నిబంధన మార్చారు. ఓట్లు 444కి 94. వ్యతిరేకించిన ఆ 94 మందీ సోషల్ డెమొక్రాట్లే, వారి తరఫున మాట్లాడినవాడు ఓట్టో వెల్స్. ఇదంతా ఒకే ప్యానెల్‌లో ఇరుకు లేకుండా ఇమిడింది. మంత్రివర్గమే చట్టాలు చేయవచ్చు, అవి రాజ్యాంగానికి భిన్నంగా ఉన్నా ఫర్వాలేదు అన్న అసలు నిబంధనను పెద్ద అక్షరాల్లో వేశారు. డాహౌ నిర్బంధ శిబిరం దానికి ముందురోజే, మార్చి 22న, తెరుచుకుందన్న సంగతిని పక్కనే చేర్చి ఉంటే ఇంకా బాగుండేది.

11 నుంచి 13 ఓ మోస్తరు. 1933 ఏప్రిల్ 1 నాటి యూదుల దుకాణాల బహిష్కరణ, యూదుల్ని ప్రభుత్వ ఉద్యోగాల నుంచి తీసేసిన ఏప్రిల్ 7 నాటి చట్టం, జూలై 14న ఒకే పార్టీ చట్టం, 1934 జూన్ 30న హిట్లర్ తన ప్రత్యర్థుల్ని చంపించిన హత్యలు, ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ మరణం, సైన్యం చేత హిట్లర్ పేర ప్రమాణం. తేదీల్లో తప్పుల్లేవు.

14వ ప్యానెల్ దగ్గర బండి పట్టాలు తప్పుతుంది. యూదుల పౌర హక్కులు తీసేసిన 1935 సెప్టెంబర్ 15 నాటి న్యూరెంబర్గ్ చట్టాలివి. అధికారులు వాడిన తెల్ల, నల్ల వృత్తాల చార్టునే చిన్నదిగా చేసి అతికించారు. జర్మన్ అక్షరాలు కనపడవు, కనపడినా అర్థం కావు. చార్టు చెప్పేది ఇది: ఇద్దరు తాతలు, అమ్మమ్మ, నాయనమ్మ, ఈ నలుగురిలో ముగ్గురు గానీ నలుగురు గానీ యూదులైతే ఆ వ్యక్తి యూదు. ఇద్దరైతే సంకరం అని ఒక తరగతి, ఒక్కరైతే దాని కింద మరో తరగతి. ఇద్దరే ఉన్నా, ఆ వ్యక్తి యూదు సమాజంలో సభ్యుడైనా, యూదును పెళ్లాడినా పూర్తి యూదు కిందే లెక్క. ఈ నిర్వచనం వచ్చింది నవంబర్ 14 నాటి అనుబంధ ఉత్తర్వులో. జాతి, రక్తం అని ఊదరగొట్టిన ప్రభుత్వం దగ్గర రక్తాన్ని తేల్చే పరీక్షేదీ లేదు. తాతముత్తాతల మతం ఏమిటని చర్చి రిజిస్టర్లు, సినగాగ్ (యూదుల ప్రార్థనాలయం) రిజిస్టర్లు తిరగేశారు. తనకు మతమే లేదనుకున్నవాడు, క్రైస్తవంలోకి మారినవాడు కూడా ఆ రిజిస్టర్లలో దొరికిపోయారు. సెట్టులో ఈ ముక్క ఎక్కడా లేదు. చార్టును తెలుగులో మళ్లీ గీయించండి. ఒక అడుగు వెడల్పు సరిపోతుంది, నాలుగు వృత్తాలు, నాలుగు వరుసలు. పిల్లలు తమ తాతల్ని వేళ్ల మీద లెక్కపెట్టుకుని మరీ చూస్తారు.

అదే ప్యానెల్‌లో పసుపు నక్షత్రం బొమ్మ కూడా ఉంది. ఇది ఆరేళ్లు ముందుకు జరిగిన తప్పు. జర్మనీలో పసుపు నక్షత్రం తప్పనిసరి చేసింది 1941 సెప్టెంబర్‌లో. అంతకుముందు, 1939 చివర్లో, ఆక్రమిత పోలండ్‌లో తెల్ల పట్టీ మీద నీలి నక్షత్రం చేతికి కట్టుకోమన్నారు. 15వది 1938 నవంబర్ 9, 10 తేదీల్లో యూదుల మీద జరిగిన విధ్వంసం గురించి. అందులో చేతులెత్తి నిలబడ్డ పిల్లవాడి ఫోటో వేశారు. అది 1943లో వార్సా ఘెట్టో (యూదుల్ని నిర్బంధించిన వాడ) నాటిది. దాన్ని తీసి 16వ దాంట్లో పెట్టమనండి. 1938 నాటి ఆ రెండు రోజుల్లో యూదుల దుకాణాలు దాదాపు 7,500 ధ్వంసమయ్యాయి, 30,000 మంది దాకా మగవాళ్లను డాహౌ, బూఖెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌసెన్ శిబిరాలకు తరలించారు, ఆపైన యూదుల మీదే 100 కోట్ల మార్కుల జుర్మానా వేశారు. ఈ జుర్మానా మాట ప్యానెల్‌లో లేదు.

15కీ 16కీ మధ్య ఒక ప్యానెల్ లోటు. 1938 జూలైలో యూదు శరణార్థుల గురించి ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో జరిగిన సమావేశంలో 32 దేశాలు కూర్చుని సానుభూతి చూపించి లేచాయి. డొమినికన్ రిపబ్లిక్ తప్ప పెద్ద సంఖ్యలో తీసుకుంటామన్న దేశం లేదు. అదే ఏడాది అక్టోబర్‌లో యూదుల పాస్‌పోర్టుల మీద జె ముద్ర (జర్మన్‌లో యూదు అన్న మాటకు తొలి అక్షరం). 1939 జనవరి నుంచి యూదు మగవాళ్లకు ఇజ్రాయెల్, ఆడవాళ్లకు సారా అన్న పేరు అదనంగా తగిలించారు. మరి వాళ్లు దేశం విడిచి వెళ్లిపోలేకపోయారా అని చూడటానికి వచ్చినవాళ్లు తప్పకుండా అడుగుతారు. జవాబు ఈ ప్యానెల్‌లో ఉండాలి. లేదు కాబట్టి ఎ3 కాగితం మీద మీరే వేసుకోండి.

17వది హత్యల నిర్ణయం 1942 జనవరి 20న బెర్లిన్ శివారు వాన్సేలో జరిగిందంటుంది. అది సరికాదు. పదిహేను మంది అధికారుల ఆ సమావేశం జరుగుతున్న పనిని శాఖల మధ్య సర్దుబాటు చేసుకోవడానికి. అప్పటికే 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ దగ్గర బాబీ యార్‌లో 33,771 మందిని కాల్చేశారు. డిసెంబర్ 8న ఆక్రమిత పోలండ్‌లోని హెల్మ్‌నోలో విషవాయువుతో చంపడం మొదలైంది. 18వ దాంట్లో ఇంకా ఘోరం: ఆష్విట్జ్ శిబిరంలో 60 లక్షల మంది చనిపోయారని ఉంది. 60 లక్షలు యూరప్ మొత్తం మీద హతులైన యూదుల సంఖ్య. ఆష్విట్జ్‌లో చనిపోయినవారు 11 లక్షల మంది, వారిలో యూదులు పది లక్షల దాకా. ఇలాంటి అంకె ఒకటి గోడ మీద ఉంటే, అసలు ఇదంతా అబద్ధమని వాదించేవాడికి మనమే ఆయుధం ఇచ్చినట్టు. నాజీల చేతిలో హతులైన రోమా (జిప్సీ) ప్రజలు, వికలాంగులు ఎక్కడా కనిపించరు. వాళ్ల కోసం 19వ దాంట్లో కింది సగం ఖాళీగానే ఉంది, వాడుకోవచ్చు.

ఇక ప్రింటింగ్ సంగతి. అక్షరం పెద్దది, మీటరు దూరం నుంచి చదవొచ్చు. లామినేషన్ మాత్రం గ్లాసీ. ట్యూబ్‌లైటు ఎదురుగా పడితే సగం ప్యానెల్ తెల్లగా మెరుస్తుంది. మాట్ అడిగితే వేస్తారు. యూనికోడ్‌లో రాసిన మ్యాటర్‌ని పాత డీటీపీ ఫాంట్లలోకి మార్చినప్పుడు పొల్లులు ఒత్తులైపోతాయి, విదేశీ పేర్లలో ఇది ఎక్కువ. ఫ్రాంక్‌ఫర్ట్, పోట్స్‌డామ్ లాంటివి ఒకటికి రెండుసార్లు చూడాలి. స్టిక్కర్లకు మ్యాటర్ పంపేటప్పుడు వర్డ్ ఫైలుతో పాటు పీడీఎఫ్ కూడా పంపండి, ప్రింటుకు ముందు వాళ్ల పీడీఎఫ్ తెప్పించుకుని రెండూ పక్కపక్కన పెట్టుకోండి.

సముద్రపు గాలికి సన్‌బోర్డు వంగదు గానీ, దాని వెనక డబుల్ సైడ్ టేపు నిలవదు. డిస్టెంపర్ గోడ మీదైతే రంగుతో సహా ఊడి వస్తుంది, మధ్యాహ్నానికి ప్యానెల్ నేల మీద ఉంటుంది. పై అంచుకు రెండు కన్నాలు పెట్టించి నైలాన్ దారంతో వేలాడదీయండి, లేదా ఇనప స్టాండ్లు అడగండి. ప్యానెళ్ల మధ్య అడుగు ఖాళీ ఉంచితే 60 అడుగుల గోడ కావాలి. గదిలోకి రాగానే ఎడమ చేతి వైపు నుంచి మొదలుపెట్టి ప్రదక్షిణ దిక్కులో తిప్పాలి, ఎడమ నుంచి కుడికి చదువుతూ నడవడానికి అదే వాటం. ప్యానెల్ మధ్యభాగం పెద్దవాళ్లకైతే 5 అడుగుల ఎత్తులో, హైస్కూలు పిల్లలకైతే 4.5 అడుగులకు. 18, 19 ప్యానెళ్లను ఒక మూల తిప్పాక కనిపించేలా పెట్టండి. ఆరు, ఏడు తరగతుల పిల్లల్ని 15 దగ్గరే ఆపేయడం మంచిది.

దిద్దుబాట్లన్నీ కలిపితే స్టిక్కర్ల ఖర్చు ఒకరోజు అద్దె కన్నా తక్కువే అవుతుంది. తప్పులు పట్టి చూపిస్తే షాపువాళ్లు విసుక్కోలేదు, ఫైలులోనే మార్చి ఉంచుతామన్నారు. అయినా కొత్తగా తీసుకునేవాళ్లు 3, 6, 8, 14, 15, 17, 18 ప్యానెళ్లను షాపులోనే విప్పించి చూసుకోవాలి. అంతర్జాతీయ హోలోకాస్ట్ స్మారక దినం జనవరి 27, ఆష్విట్జ్ విముక్తి రోజు. దాని ముందు రోజే రిపబ్లిక్ డే, అంతకుముందు సంక్రాంతి. ఆ రెండు వారాలూ నగరంలో మిషన్లన్నీ పండగ ఫ్లెక్సీల మీదే ఉంటాయి కాబట్టి, స్టిక్కర్ల పని డిసెంబర్‌లోనే ముగించుకోండి.