షార్ట్స్ కోసం ఆన్‌లైన్‌లో ‘ప్యూర్ కాటన్’ కట్‌పీసులు కొనేవాళ్లకు జాగ్రత్త

నాలుగైదుసార్లు కుట్టి ఒంటికి చక్కగా కుదిరిన ప్యాటర్నే (బట్ట కత్తిరించే కాగితపు నమూనా). కొలతలూ మారలేదు, కుట్టూ మారలేదు. అయినా కొత్త బట్టతో కుట్టిన షార్ట్స్ రెండో ఉతుకుకే తొడల దగ్గర పట్టేస్తుంది, కూర్చుంటే వెనక నడుము కిందికి దిగుతుంది. ఇలా అయినప్పుడు చాలామంది ప్యాటర్న్‌ను దిద్దడం మొదలుపెడతారు. దయచేసి దాని జోలికి వెళ్లకండి, ముందు బట్టను అనుమానించండి. ‘హండ్రెడ్ పర్సెంట్ కాటన్, 44 పన్నా’ (అంటే 44 అంగుళాల వెడల్పు) అని అమ్ముతున్న కట్‌పీసుల్లో కాటన్ కానివీ ఉన్నాయి, 44 రానివీ ఉన్నాయి.

పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి. విప్పగానే టేపు పెట్టండి. అంచుల వెంట సన్నటి సూది రంధ్రాల వరుస ఉంటుంది, అది వదిలేసి లోపలి వెడల్పు కొలవాలి. 42 అంగుళాలు వస్తే సర్దుకోవచ్చు. 40కి పడిపోతే షార్ట్స్ ముందు భాగం ముక్క పక్కన జేబు సంచులకు మిగలాల్సిన ఆరేడు అంగుళాలు మిగలవు.

పొడవు లెక్క ఇదీ. 18 అంగుళాల షార్ట్స్‌కి నడుము మడత 2, కింది మడత ఒకటిన్నర కలిపితే ఇరవై ఒకటిన్నర. వెనక ముక్క సీటు కోసం ఇంకో అంగుళం ఎక్కువ. 44 పన్నాను మధ్యకు మడిస్తే పెద్దవాళ్ల ముందు, వెనక ముక్కలు పక్కపక్కన పట్టవు, ఒకదాని కింద ఒకటి వేయాలి. మొత్తం 44 అంగుళాలు, అంటే 1.12 మీటర్లు. ముడుచుకునేది, అంచు సరిచేసేది పోను ఒకటింబావు మీటరు కొలతకు కొలతే అవుతుంది. ఒకటిన్నర కొనండి.

ఇక అసలు పరీక్ష. దీనికి కత్తెర అక్కర్లేదు, అందుకే ఇది మొదట చేయాలి. కత్తిరించిన బట్టను ఎవరూ వెనక్కి తీసుకోరు. అంచు నుంచి రెండు పడుగు (నిలువు) పోగులు, రెండు పేక (అడ్డ) పోగులు విడివిడిగా లాగండి. పట్టకారుతో పట్టుకుని, కింద నీళ్లున్న స్టీలు పళ్లెం పెట్టి వెలిగించండి. కాటన్ పోగు కాగితంలా మండి, కాగితం కాలిన వాసన వేసి, వేళ్లతో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ మంటకు దూరంగా ముడుచుకుపోయి, కరిగి, చల్లారాక ఆవగింజలాంటి గట్టి నల్ల ముద్ద అవుతుంది. పడుగు, పేక రెండూ చూడమనడానికి కారణం ఉంది: ఒకవైపు కాటన్, ఇంకోవైపు పాలిస్టర్ వేసి నేసిన బట్టలూ ఉంటాయి. ఒక్క పోగు చూసి ఊరుకుంటే మోసపోతారు. మన ఎండల్లో పాలిస్టర్ కలిసిన బట్ట చెమట సరిగా పీల్చదు, తొడలు రాసుకునే చోట త్వరగా ఉండలు కడుతుంది.

బట్టను రెండు చేతులతో గట్టిగా నలపండి. తెల్లటి పొడి రాలితే అది గంజి బలం. ఉతికితే బలం పోతుంది, పలచటి నేత బయటపడుతుంది, సీటు కుట్టు దగ్గర పోగులు జరిగి సందులు ఏర్పడతాయి. కుట్టు తెగదు, బట్టే విడిపోతుంది. అందుకే డబుల్ కుట్టు వేసినా అది ఆగదు.

ఇవన్నీ దాటితేనే మొత్తం బట్టను నీళ్లలో వేయండి. ముందు పెన్సిల్‌తో 50 సెంటీమీటర్ల గీత నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి గీసుకోండి. రెండుసార్లు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. మిల్లులో బట్టను లాగి పట్టి ఆరబెడతారు, నీళ్లు తగలగానే ఆ బిగువు వదులుతుంది. నిలువు గీత 47.5కి వస్తే 5 శాతం పోయినట్టు. 30 సెంటీమీటర్ల సీటు లోతులో (నడుము నుంచి కూర్చునే చోటుదాకా కొలత) అది ఒకటిన్నర సెంటీమీటర్లు. కూర్చున్నప్పుడు పట్టేసేది సరిగ్గా ఆ ఒకటిన్నరే. రంగు దిగితే ఉప్పు నీళ్లను నమ్ముకోకండి, దిగే రంగును ఉప్పు ఆపదు.

కొందరు బట్టతోపాటు ఎలాస్టిక్ ఉచితమంటారు. దాన్ని 10 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి 20 దాకా సాగదీసి వదలండి. 11 దగ్గర ఆగిపోతే పారేయండి. సాగదీస్తే వెడల్పు తగ్గిపోయే అల్లిక రకం నడుముకు వద్దు, దాని మీద కుట్టు వేస్తే పట్టు తగ్గుతుంది.

బట్ట చెప్పినట్టు లేకపోతే ‘నో రిటర్న్’ అనే మాటకు భయపడకండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటించిన గుణాలు లేని సరుకును అమ్మకందారు వెనక్కి తీసుకోవాల్సిందే. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. తేల్చకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి. పార్సిల్ వీడియో, ప్రకటన స్క్రీన్‌షాట్, టేపు పెట్టి తీసిన ఫొటో, తెల్ల కాగితం మీద ఆ నల్ల ముద్ద ఫొటో దగ్గర ఉంచుకోండి.