హెండ్రిక్స్ వాడిన ఫజ్ ఫేస్ అని అమ్ముతున్న ఎర్ర పెడల్‌తో జాగ్రత్త

"ఒరిజినల్ 1966 ఫజ్ ఫేస్, జెర్మేనియం, ఎన్‌కేటీ275, జిమీ హెండ్రిక్స్ వాడిన సెటప్‌లోది" అంటూ ఒక ఎర్ర పెడల్, అంటే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే కాలి డబ్బా, ఆన్‌లైన్లో అమ్మకానికి కనిపించింది. దాన్ని రూ. 68,000 పెట్టి కొన్నాను. అది పాతదీ కాదు, లోపలి ట్రాన్సిస్టర్లు జెర్మేనియంవీ కావు (ఎన్‌కేటీ275 అనేది ఒక జెర్మేనియం ట్రాన్సిస్టర్ పేరు). అమ్మినవాడు డబ్బు వెనక్కి ఇవ్వనంటున్నాడు. పైగా అవే మాటలతో ఇప్పుడొక మార్షల్ కంపెనీ ఆంప్‌ని (గిటార్ యాంప్లిఫయర్) కూడా అమ్మకానికి పెట్టాడు. పాత గిటార్ సామాను కొనే అలవాటున్నవాళ్లు కాస్త ఓపిక పట్టి చివరిదాకా చదవండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఫజ్ ఫేస్‌ని ఇంగ్లండ్‌లో ఆర్బిటర్ కంపెనీ 1966లో తెచ్చింది. గుండ్రటి లోహపు డబ్బా, పైన కళ్లలాగా రెండు నాబులు, కింద నవ్వుతున్న నోరు. మైక్ స్టాండ్ అడుగు దిమ్మని చూసి ఆ ఆకారం పెట్టారని చెబుతారు. అమెరికన్ గిటారిస్టు హెండ్రిక్స్ లండన్‌లో అడుగుపెట్టింది కూడా ఆ ఏడాది సెప్టెంబరులోనే. 1969 ఆగస్టు 18 ఉదయం అమెరికాలో వుడ్‌స్టాక్ సంగీతోత్సవ వేదిక మీద ఆయన తెల్ల స్ట్రాటోకాస్టర్ గిటార్‌కీ మార్షల్ ఆంప్‌లకీ మధ్య ఉన్నవి ఒక వా పెడల్, ఒక ఫజ్ ఫేస్, ఒక యూనివైబ్, అన్నీ శబ్దాన్ని మార్చే పెడల్సే. అందుకే ఆ గుండ్రటి డబ్బాకి ఇంత గిరాకీ, ఇన్ని నకిలీలు.

లోపల ఏదో బ్రహ్మవిద్య ఉందనుకోకండి. రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్లు (నాబుల కింద తిరిగే పార్టులు), ఒక కాలి స్విచ్. అంతే. డబ్బు పలికేదంతా ఆ రెండు ట్రాన్సిస్టర్లకి. జెర్మేనియం ట్రాన్సిస్టర్లు ఒకదానికొకటి పోలిక లేకుండా వచ్చేవి, కాబట్టి పక్కపక్కనే తయారైన రెండు పెడల్స్ కూడా ఒకేలా మోగేవి కావు. హెండ్రిక్స్ కూడా చాలా పెడల్స్ తెప్పించుకుని వాటిలో బాగున్నది ఏరుకునేవాడని అంటారు. రోజర్ మేయర్ అనే ఇంజనీరు ఆయన కోసం వాటిని విప్పి మార్చేవాడు. తర్వాతి రోజుల్లో హెండ్రిక్స్ సిలికాన్ ట్రాన్సిస్టర్లవి కూడా వాడాడు. కాబట్టి "హెండ్రిక్స్ సౌండ్ అంటే ఎన్‌కేటీ275" అనే మాట సగమే నిజం. ఆ సగం మాటకే మన దగ్గర వేలకి వేలు గుంజుతున్నారు.

ఇక నా సంగతి. ప్రకటనలో అన్నీ బయటి ఫోటోలే. లోపలి ఫోటో అడిగితే "అడుగు ప్లేటు తీస్తే వాల్యూ పోతుంది సార్, యాభై ఏళ్లుగా ఎవరూ తీయలేదు" అన్నాడు. లండన్‌లో ఒక స్టూడియో మూసేసినప్పుడు తన బంధువు కొన్నాడని ఒక కథ చెప్పాడు. దానికి తోడు బంగారు రంగు అంచున్న ఒక సర్టిఫికెట్. వస్తువు చేతికి వచ్చాక నచ్చకపోతే వారంలో వెనక్కి తీసుకుంటానని మెసేజ్‌లో రాశాడు. ఆ మాట మీదే కొన్నాను, ఆ మాటే ఇప్పుడు తప్పాడు.

పెడల్ వచ్చింది. పెయింట్ అక్కడక్కడా ఊడి, నాబుల చుట్టూ మురికి పట్టి, చూడ్డానికి అసలైన పాత సరుకులాగే ఉంది. ఆంప్‌కి కలిపితే బాగానే అరిచింది కూడా. తేడా కొట్టింది గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు. మంచి జెర్మేనియం ఫజ్ ఫేస్‌లో ఫజ్ నాబు పూర్తిగా పెంచి ఉన్నా, గిటార్ మీద వాల్యూమ్ కొద్దిగా వెనక్కి తిప్పితే చాలు, ఆ గరగర తగ్గిపోయి గాజు మీద కొట్టినట్టు తేటగా మోగుతుంది. దీన్ని కొనేదే అందుకు. నా దాంట్లో వాల్యూమ్ తగ్గిస్తే శబ్దం తగ్గింది గానీ గరగర తగ్గలేదు. దానికి తోడు, వాయించడం ఆపగానే స్పీకర్లోంచి సన్నగా రేడియో వార్తలు! గెయిన్ (సిగ్నల్‌ని పెంచే శక్తి) ఎక్కువుండే సిలికాన్ ఫజ్‌లకి స్టేషన్లు పట్టే జబ్బు మామూలే. ఆ రాత్రి వార్తలన్నీ విన్నాను, అది వేరే విషయం.

అతనికి ఫోన్ చేస్తే "జెర్మేనియం కదా సార్, మీ హైదరాబాద్ ఎండలకి అలాగే ఉంటుంది" అన్నాడు. వినడానికి నిజంలాగే ఉంటుంది, ఎందుకంటే జెర్మేనియానికి వేడి నిజంగానే పడదు. సుమారు ప్రతి పది డిగ్రీలకీ లోపల కరెంటు లీకేజీ రెట్టింపవుతుంది. లండన్ చలిలో చక్కగా మోగిన పెడల్ మన మే నెలలో గొంతు పట్టేసినట్టు అయిపోవడం మామూలే. కానీ ఆ వాదన ప్రకారమే నా పెడల్ పొద్దున ఒకలా, మిట్టమధ్యాహ్నం ఒకలా ఉండాలి. ఏసీ గదిలో వాయించినా, డాబా మీద ఎండలో వాయించినా రవ్వంత తేడా లేదు.

అప్పుడు తెలిసిన టెక్నీషియన్ దగ్గర కూర్చుని, వీడియో తీస్తూ అడుగు ప్లేటు విప్పించాను. మేడిపండు వ్యవహారం. మొదట కంటపడింది నీలం ప్లాస్టిక్ ఒంటితో, తొమ్మిది కాళ్లతో ఉన్న కాలి స్విచ్. ఇవాళ ఏ పెడల్ కిట్ కొన్నా వచ్చేది అదే. 1960లలో ఆ తరహా స్విచ్చే లేదు, అప్పటి వాటికి ఆరు కాళ్లే. రెసిస్టర్లు నీలం రంగు మెటల్ ఫిల్మ్‌వి, అవీ ఈ కాలం సరుకే. ట్రాన్సిస్టర్ల మీద తెల్ల అక్షరాలతో ఎన్‌కేటీ275 అని ఉంది. దూదికి గోళ్ల రంగు తుడిచే మందు అద్ది ఒక్కసారి రాస్తే ఆ అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేశాయి. కింద ఏ రాతా లేదు, సన్నగా గీకిన గుర్తులు మాత్రం ఉన్నాయి.

అసలు అక్షరాలు చెరపక్కర్లేకుండానే పట్టేయొచ్చు. ఎన్‌కేటీ275 డబ్బా సన్నగా పొడుగ్గా చిన్న గొట్టంలా ఉంటుంది. నా పెడల్‌లో ఉన్నవి పొట్టిగా, అడుగున అంచు ఉండి, ఆ అంచు నుంచి చిన్న ముక్కులాంటిది బయటికి పొడుచుకొచ్చిన రకం. బీసీ108 లాంటి సిలికాన్ ట్రాన్సిస్టర్ల వాటం అది.

ఆ తర్వాత మల్టీమీటర్. డయోడ్ మోడ్‌లో పెట్టి ట్రాన్సిస్టర్ కాళ్లలో బేస్‌కీ ఎమిటర్‌కీ మధ్య చూస్తే, జెర్మేనియం అయితే 0.2 లేదా 0.3 వోల్టుల దగ్గర చూపిస్తుంది. సిలికాన్ అయితే 0.6 పైన. బోర్డు మీద ఉండగా చూస్తే మిగతా పార్టులు లెక్క చెడగొట్టవచ్చని మా టెక్నీషియన్ ఒకదాన్ని ఊడదీసి మరీ చూశాడు. 0.66. ఆయన మీటరు నా వైపు తిప్పి, ఏమీ అనకుండా టీ తాగాడు.

సోల్డరింగ్ రానివాళ్లు కూడా చేయగల పరీక్ష ఒకటుంది. ఎన్‌కేటీ275 పీఎన్‌పీ రకం. దాంతో చేసిన అసలు పెడల్‌లో బ్యాటరీ ప్లస్ వైపు గ్రౌండ్‌కి, అంటే లోహపు డబ్బాకి కలుస్తుంది. బ్యాటరీ తీసేసి, ఇన్‌పుట్‌లో కేబుల్ గుచ్చి, మీటరు బీప్ మోడ్‌లో ఒక ముల్లు బ్యాటరీ క్లిప్ ఎర్ర వైరు కొసకీ, ఇంకోటి డబ్బాలో పెయింట్ లేని చోటుకీ ఆనించండి. బీప్ రావాలి. ఎర్ర వైరుకి రాకుండా నల్ల వైరుకి వస్తే, ఆ పెడల్ పాత ఎన్‌కేటీ275ది అన్న మాట నమ్మకండి. నాదానికి నల్ల వైరుకే వచ్చింది. అన్నట్టు, నిజంగానే ప్లస్ గ్రౌండ్ పెడల్ మీ దగ్గరుంటే దాన్ని మిగతా పెడల్స్‌తో కలిపి ఒకే అడాప్టర్ గొలుసు మీద పెట్టకండి, షార్ట్ అవుతుంది. పాత ఫజ్ ఫేస్‌లకి అసలు అడాప్టర్ రంధ్రమే ఉండదు, ఎల్ఈడీ బల్బూ ఉండదు. ఆ రెండిట్లో ఏది కనిపించినా "ఎవరూ విప్పలేదు" అన్న మాట అక్కడే అబద్ధం.

పైన రాసి ఉన్న పేరు కూడా చదవండి. మొదట్లో వచ్చినవాటి మీద ఆర్బిటర్ ఇంగ్లండ్ అని ఉండేది. డల్లాస్ కంపెనీతో కలిశాకే డల్లాస్ ఆర్బిటర్ అనే పేరు వచ్చింది. నాకు 1966ది అని అమ్మిన పెడల్ మీద రాసి ఉన్నది డల్లాస్ ఆర్బిటర్. ఇది చిన్న విషయమే, కానీ ప్రకటనలోని ఫోటోలోనే కనిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. ఇంకా ఒకటి: డన్‌లప్ కంపెనీ ఈ పెడల్స్‌ని ఇప్పటికీ కొత్తగా తయారు చేస్తోంది, హెండ్రిక్స్ పేరుతోనే ఒక మోడల్ ఉంది. హెండ్రిక్స్ ఫజ్ కావాలంటే బిల్లూ వారంటీతో అది తీసుకోవచ్చు. నేను ఇచ్చిన డబ్బుకి అవి మూడు నాలుగు వచ్చేవి.

ఇవన్నీ వీడియోతో సహా పంపితే అతని జవాబు: "మధ్యలో ఎవరో సర్వీస్ చేయించి ఉంటారు, పార్టులు మార్చి ఉంటారు." యాభై ఏళ్లుగా ఎవరూ తీయలేదన్న నోరే ఇది. స్విచ్ మారి, రెసిస్టర్లు మారి, ట్రాన్సిస్టర్లు మారి, వాటి మీద దొంగ అక్షరాలు కూడా ఎవరో "సర్వీస్" చేశారన్నమాట. వెనక్కి తీసుకుంటానన్న మెసేజ్ చూపిస్తే, నేను ప్లేటు విప్పాను కాబట్టి ఆ మాట చెల్లదన్నాడు. విప్పితే గానీ తెలియదు, విప్పితే డబ్బు రాదు. లెక్క భలే కుదిరింది.

సర్టిఫికెట్ సంగతి. పేరున్న గిటారిస్టు వాడిన వస్తువుకి విలువ ఇచ్చేది చేతులు మారిన చరిత్ర. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ తన గిటార్లను 2019 జూన్‌లో న్యూయార్క్‌లో క్రిస్టీస్ వేలానికి పెట్టినప్పుడు ఆయన నల్ల స్ట్రాటోకాస్టర్ 39 లక్షల 75 వేల డాలర్లు పలికింది. అక్కడ అమ్మింది స్వయంగా ఆయనే, అదే గిటార్ వేదికల మీద దశాబ్దాల పాటు ఫోటోల్లో ఉంది, ఏ ఏడాది ఏ పార్టు మారిందో కూడా లెక్కుంది. అలాంటి గొలుసు లేకుండా కలర్ ప్రింటర్లో తీసిన కాగితానికి ఏ విలువా లేదు. "హెండ్రిక్స్ వాడిన సెటప్‌లోది" అన్న మాట చూడండి, ఎంత తెలివిగా పెట్టాడో. గట్టిగా అడిగితే "ఆయన వాడిన మోడల్ అని అర్థం సార్" అని జారుకోవచ్చు, జారుకున్నాడు కూడా.

ఇప్పుడు ఆ ఆంప్. ప్రకటనలో "1959 మార్షల్, హెండ్రిక్స్ ఆంప్" అని ఉంది, చదివితే ఆంప్ 1959 నాటిదేమో అనిపిస్తుంది. మార్షల్ ఆంప్‌లు మొదలైందే 1962లో. 1959 అనేది వంద వాట్ల సూపర్ లీడ్ మోడల్ నంబరు. హెండ్రిక్స్ వాడింది ఆ మోడలే, కానీ ఆ నంబరుతో కంపెనీ తర్వాతి కాలంలోనూ ఆంప్‌లు చేసింది. ముందు ప్యానెల్ ప్లెక్సీగ్లాస్‌దా, లోహానిదా చూడండి. ప్లెక్సీగ్లాస్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) ప్యానెల్ ఉన్న పాత ఆంప్‌లనే ప్లెక్సీ అంటారు, 1969 మధ్యలో కంపెనీ అల్యూమినియం ప్యానెల్‌కి మారింది. అతని ఫోటోలో ఉన్నది గీతలు పడిన లోహపు ప్యానెల్, పక్కన మాత్రం "1967 ప్లెక్సీ టోన్" అని రాశాడు. అమెరికా నుంచి వచ్చిన ఆంప్ అయితే వోల్టేజీ 120కి ఉందా 230కి ఉందా చూడకుండా మన ప్లగ్గులో పెడితే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది. పెడల్ లాగా ఆంప్‌ని ఇంట్లో విప్పకండి. ప్లగ్గు పీకేసినా కెపాసిటర్లలో ప్రాణం తీసే వోల్టేజీ నిలిచి ఉంటుంది, అది తెలిసిన టెక్నీషియనే చేయాలి.

నేను డబ్బు పంపింది యూపీఐలో, ఒక వ్యక్తి ఖాతాకి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు ఇచ్చాను, సైబర్ మోసాల నంబరు 1930కి కూడా చెప్పాను. 1930కి ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ, అందుకని మీకెవరికైనా ఇలా జరిగితే అమ్మినవాడితో వాదిస్తూ కూర్చోకుండా ముందు ఆ ఫోన్ చేయండి. చాట్‌లు, ప్రకటన స్క్రీన్‌షాట్లు ముందే దాచుకోండి. నా పెడల్ ప్రకటనని అతను గొడవ మొదలైన మర్నాడే తీసేశాడు.

అతని ఫోటోలన్నీ గళ్ల దుప్పటి మీద తీసినవే. పెడల్ నోటి కుడి కొస దగ్గర వంకీలా ఒక గీత ఉంటుంది. ఆ గీత ఉన్న పీస్ నా దగ్గరే ఉంది, కాబట్టి ఇప్పుడు అదే ఫోటోతో ఎవరైనా అమ్మకానికి పెడితే వాళ్ల చేతిలో ఆ వస్తువు లేనట్టే. బేరం ఇప్పటికే మొదలుపెట్టినవాళ్లు అడ్వాన్స్ పంపకుండా లోపలి ఫోటో, మీటరు రీడింగు కనిపించే వీడియో అడగండి. నేను తీసిన వీడియో కావాలంటే మెసేజ్ చేయండి, పంపిస్తాను.