గల్లా దగ్గర ఎవరున్నారో చూసి కొంటాను

పెళ్లయి నల్లగొండకు వచ్చిన నాటి నుంచి ఇంటి కొనుగోళ్లన్నీ నా చేతి మీదే నడుస్తున్నాయి. గడియారం సెంటర్ చుట్టుపక్కల దుకాణాలు, ప్రకాశం బజార్, ఆ తర్వాత హైదరాబాద్ రోడ్డు మీద లేచిన అద్దాల షోరూంలు, అన్నిట్లో కొన్నాను, కొన్నిట్లో కొట్లాడాను కూడా. ఫలానా షాపులో మర్యాద ఎలా ఉంటుందని చుట్టాలు అడిగితే, వాళ్లనుకునే మర్యాద గురించి నేను చెప్పను. తలుపు తీసి నమస్కారం పెట్టడం, చల్లటి నీళ్లివ్వడం ఇప్పుడు అందరూ చేస్తున్నారు. మనతో మాట్లాడే మనిషికి ఆ సరుకు గురించి తెలుసా, రేపు తేడా వస్తే "సరే తీసుకురండి" అనే అధికారం అతనికి ఉందా, ఈ రెండే చూస్తాను.

బట్టల దుకాణాలతో మొదలుపెడతాను, ఎందుకంటే డబ్బు, టైము, ఓపిక ఎక్కువ పోయేది అక్కడే. పరుపులు వేసి, చెప్పులు బయట విడిపించి కూర్చోబెట్టే పాత పద్ధతి కొట్లు ఇంకా ఉన్నాయి. "చూస్తే పైసలేం పోవు అక్కా, కూసోండి" అని ముందు పది చీరలు విప్పుతారు. వద్దన్నా ఇంకో పది విప్పుతారు. ఇన్ని విప్పించి ఏం కొనకుండా ఎలా లేవాలన్న మొహమాటం మనకు పుట్టాలనే విప్పుతారని నా అనుమానం. అయితే అక్కడ ఏళ్లుగా పనిచేసే మనిషికి ఉండే తెలివి షోరూంలో దొరకదు. మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి పోచంపల్లి చీర అడిగితే, నాకు నచ్చిన చీరను పక్కన పెట్టి "ఇది ప్రింటు అక్కా, నేసింది కాదు" అన్నాడొకాయన. వెనక్కి తిప్పి చూపించాడు. నేసేముందే దారాలకు ముడులు వేసి రంగులద్దే (దీన్నే చిటికి కట్టడం అంటారు) చీరలో డిజైను రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచుల్లో రంగు కొంచెం పాకినట్టు కనిపిస్తుంది. ప్రింటు చీర వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. ఆ ప్రింటు చీర అంటగట్టినా ఆ రోజు నాకు తెలిసేది కాదు. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా పోచంపల్లి మన నల్లగొండ జిల్లాదే, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉంది. అయినా మన దగ్గర దుకాణాల్లో పనిచేసే పిల్లల్లో సగం మందికి నేతకూ ప్రింటుకూ తేడా చెప్పడం రాదు.

గద్వాల చీర విషయంలోనూ ఇదే కథ. నూలు చీరకు పట్టు అంచును కుట్టు నేతతో కలుపుతారు కాబట్టి, ఆ కలిసిన చోటు చూపించమని అడుగుతాను. పాత మనిషి వెంటనే వేలు పెట్టి చూపిస్తాడు. షోరూంలో అడిగితే అమ్మాయి చీరకున్న చీటీ చూపించింది. చీటీ మీద ధర తప్ప ఏమీ లేదు. పాపం ఆ అమ్మాయి తప్పేం కాదు. నెల కింద చేరింది, నెల తర్వాత ఇంకో ఫ్లోరుకు మారుస్తారు, నేర్పేవాళ్లు లేరు.

షోరూం పిల్లల మీద విసుక్కునే ముందు ఇంకోటి కూడా చూడాలి. పొద్దున షట్టరు లేచిన దగ్గర్నుంచి రాత్రి దాకా వాళ్లు నిలబడే ఉంటారు. గిరాకి లేకపోయినా కూర్చోవడానికి లేదు, కూర్చుంటే కెమెరాలో సూపర్‌వైజర్ చూస్తాడు. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే వసతి ఉండాలని చట్టం సవరించారు. మన దగ్గర నేను వెళ్లే పెద్ద షాపుల్లో కౌంటరు వెనక స్టూలు కనబడింది చాలా తక్కువ. సాయంత్రం ఏడు తర్వాత "మీడియం సైజు ఉందా బాబూ" అని అడిగితే వచ్చే నీరసమైన "లేదు మేడం" వెనక కాళ్ల నొప్పి ఉంటుంది. అదే అబ్బాయిని పొద్దున అడిగితే గోడౌన్‌లో వెతికి తెస్తాడు.

ఇక ఎలక్ట్రానిక్స్. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. టీవీ దగ్గర, ఫ్రిజ్ దగ్గర టీషర్టు వేసుకుని నిలబడి మనకు ఎంతో ఓపికగా చెప్పే అబ్బాయి చాలాసార్లు ఆ షాపు మనిషి కాడు, ఆ కంపెనీ పెట్టిన ప్రమోటర్. జీతం, టార్గెట్ రెండూ కంపెనీవే. అందుకే మనం ఏ కంపెనీ ఫ్రిజ్ అడిగినా మాట తిరిగి తిరిగి తన కంపెనీ దగ్గరికే వస్తుంది. నేను మొదట అడిగేది "నువ్వు షాపు వాడివా, కంపెనీ వాడివా తమ్ముడూ" అని. నవ్వి నిజమే చెప్తారు. తర్వాత స్టార్ల స్టిక్కరు మీద ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుస్తుందో చదివించుకుంటాను. స్టార్లు అందరూ చూపిస్తారు, యూనిట్లు ఎవరూ చూపించరు.

ఒక పెద్ద షోరూంలో కొన్న ఫ్రిజ్ ఇంటికి వచ్చేసరికి తలుపు కింది మూల సొట్టపడి ఉంది, తలుపు సరిగా పడటం లేదు. తెచ్చిన ఆటో అబ్బాయి ముందే ఫోటోలు తీశాను. షోరూంకి వెళ్తే అమ్మినప్పుడు "అక్కా అక్కా" అన్న అబ్బాయి మొహం చాటేశాడు. ఫ్లోర్ ఇన్‌చార్జి "కంపెనీ టోల్‌ఫ్రీకి చేయండి మేడం, మా చేతుల్లో ఏమీ ఉండదు" అన్నాడు. కంపెనీకి చేస్తే "డెలివరీలో డ్యామేజ్ అయితే డీలరే చూసుకోవాలి" అన్నారు. ఇద్దరూ చాలా మర్యాదగానే మాట్లాడారు, పని మాత్రం కాలేదు. చివరికి 1915కి ఫోన్ చేశాను. అది కేంద్ర ప్రభుత్వం నడిపే వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. బిల్లు నంబరు, ఫోటోలు అడిగి ఫిర్యాదు నమోదు చేసి నంబరిచ్చారు. ఆ నంబరు చెప్పాక షోరూం మేనేజరే ఫోన్ చేసి ఫ్రిజ్ మార్చి పంపించాడు. అప్పటిదాకా ఆ మేనేజర్ అనే మనిషి ఉన్నాడనే నాకు చెప్పలేదు.

బిల్లు లేకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులై నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేదీ రాయకపోతే 30 రోజుల్లోపు తెస్తే వెనక్కి తీసుకోననడం కూడా అంతే. "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా పాడైన సరుకుకు అది పనికిరాదు. కానీ ఇంటికెళ్లాక రంగు నచ్చలేదంటే మాత్రం మార్చివ్వడం వాళ్ల మంచితనమే. ఆ మంచితనం పాత కొట్లలో ఎక్కువ, ఎందుకంటే గల్లా దగ్గర సేటే ఉంటాడు. మన మొహం గుర్తుపట్టి, ఒకసారి చీర తిప్పి చూసి "ఇంకోటి తీస్కోండి" అంటాడు. షోరూంలో అదే పనికి కంప్యూటర్ ఒప్పుకోవాలి.

అలాగని పాత కొట్లను నెత్తిన పెట్టుకోను. బిల్లడిగితే తెల్ల కాగితం మీద లెక్క రాసి చింపి ఇస్తారు. "పక్కా బిల్లయితే జీఎస్టీ పడుతది అక్కా" అని మనకేదో మేలు చేస్తున్నట్టు చెప్తారు. చీరకైతే పోనీ అనుకుంటాను గానీ మిక్సీకి, మోటారుకు అలా ఒప్పుకోను.

కిరాణం గురించి పెద్దగా చెప్పేది లేదు. ఉద్దెర పెట్టే కొట్టు మనిషిని మించిన సర్వీసు ఎవరిస్తారు? నెలాఖరులో పిల్లవాడిని పంపినా సామాను ఇస్తాడు. కూల్‌డ్రింకుకు "కూలింగ్ చార్జి" అని ఎమ్మార్పీ మీద రెండు రూపాయలు అడిగే కొట్లు మాత్రం బస్టాండు వైపు ఇంకా ఉన్నాయి, అది చట్టరీత్యా కుదరదు. సూపర్‌మార్కెట్లో ర్యాకు మీద ఒక ధర, బిల్లులో ఒక ధర పడుతుంది. కౌంటర్ అమ్మాయికి చూపిస్తే సరిచేస్తుంది, మనం చూస్తేనే.

ఈ జిల్లాలో సర్వీసు అంటే నిజంగా ప్రాణం మీదికి వచ్చే దుకాణం ఎరువులు, విత్తనాల షాపు. మా మామకు ఊళ్లో పత్తి చేను ఉంది. బజార్లో చీర బాగాలేకపోతే ఒక పండగ పాడవుతుంది, ఇక్కడ తప్పు మందిస్తే ఏడాది పోతుంది. చాలా షాపుల్లో రైతు ఆకు తెచ్చి చూపించగానే మూడు డబ్బాలు బల్ల మీద పెడతారు. దేనికి ఏది అని అడిగితే "కలిపి కొట్టు పెద్దాయనా, పచ్చదోమ, తామర పురుగు అన్నీ పోతయి" అంటారు. యూరియాకు కొరత ఉన్న రోజుల్లో ఇంకో తలనొప్పి. 45 కిలోల బస్తా ఎమ్మార్పీ 266 రూపాయల 50 పైసలు, ఆధార్ మీద వేలిముద్ర వేసి మిషన్‌లో బిల్లు కొట్టాలి. అంత లెక్క ఉన్నా, దాంతోపాటు ఇంకో డబ్బా కొంటేనే బస్తా ఇస్తామనే వాళ్లున్నారు. అలా అంటగట్టకూడదని వ్యవసాయ శాఖ చెబుతూనే ఉంటుంది, లైన్లో నిలబడిన రైతు ఎవరితో కొట్లాడతాడు?

మా మామ ఇప్పుడు వెళ్లే షాపు వేరు. అక్కడ గోడకు "దేశి" డిప్లొమా సర్టిఫికెట్ ఉంటుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో వ్యవసాయ శిక్షణ ఇచ్చే మేనేజ్ అనే సంస్థ 2003లో మొదలుపెట్టిన కోర్సు అది, ఎరువులు, పురుగుమందులు అమ్మేవాళ్ల కోసమే, ఏడాది పాటు ఉంటుంది. సర్టిఫికెట్ ఉన్న ప్రతివాడూ మంచివాడని కాదు గానీ ఈయన ఆకు ఒక్కటి చూసి మందివ్వడు. చేలో నీళ్లు నిలిచాయా, ఏ వరసలో మొదలైంది, క్రితం ఏం కొట్టారు అని అడుగుతాడు. ఒక వానాకాలం మొక్కలు వాలిపోయాయని వెళ్తే, మందు ఇవ్వకుండా "ముందు చేలో నీళ్లు బయటికి తీయండి, తేరుకోకపోతే అప్పుడు రండి" అని పంపాడు. డబ్బా అమ్ముకోగలిగీ అమ్మలేదు. గులాబీ రంగు పురుగుకు లింగాకర్షక బుట్టలు (మగ పురుగులను వాసనతో రప్పించి పట్టేవి) కట్టమని మా మామకు మొదట చెప్పింది కూడా ఆయనే. నా లెక్కలో నల్లగొండ మొత్తంలో అన్నిటికంటే మంచి సేల్స్‌మన్ ఆయనే. అయితే సీజన్‌లో ఆయన దగ్గర గంటసేపు నిలబడాలి, ఫోన్ ఎత్తడు, ఉద్దెర అస్సలు పెట్టడు.

విత్తనాలకు మాత్రం ఎవరి దగ్గర కొన్నా లాట్ నంబరు రాసిన బిల్లు, ఖాళీ ప్యాకెట్టు పంట చేతికొచ్చేదాకా దాచండి. విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడే అని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల దాకా విలువున్న కేసుకు ఫీజు కూడా లేదు.

కొనే రోజు కూడా చూసుకోవాలి. పెళ్లి ముహూర్తాలుండే శ్రావణంలో, మాఘంలో బట్టల షాపుల్లో ఎవరూ మన మాట వినరు. మూఢంలో, ఆషాఢంలో వెళ్తే సేల్స్ పిల్లలు ఖాళీగా ఉంటారు, అడిగినవన్నీ తీస్తారు, ధర కూడా తగ్గుతుంది. బతుకమ్మకు వారం ముందయితే నేను వెళ్లను. వెళ్లినా చీర దొరుకుతుంది గానీ, ఫాల్, పీకో దసరా అయ్యాకే అంటారు.